ముందు వీపు వెతకమ్మా

మన డిపార్ట్‌మెంట్‌లో ఎమ్మెస్సీ జియాలజీ చేసినవాళ్ళకి స్పినిఫెరైటిస్ రామోసస్ అనే సూక్ష్మ శిలాజం పేరు గుర్తుండే ఉంటుంది. మాస్టారి మైక్రోస్కోపు ప్రాక్టికల్స్ దానితోనే మొదలయ్యేవి. నిజానికి చమురు బావుల పనిలో ఆ జాతి పెద్దగా అక్కరకు రాదు. డైనోసార్లు తిరిగిన క్రెటేషియస్ యుగం తొలినాళ్ళ నుంచి నేటి సముద్రాల దాకా, 12 కోట్ల ఏళ్ళకు పైగా దొరుకుతూనే ఉంది. అది కనబడినంత మాత్రాన రాయి వయసు తేలదు. అయినా మాస్టారు దాన్నే ముందు పెట్టారంటే, ఒక డైనోఫ్లాజెల్లేట్ సిస్టులో చూడడం నేర్చుకోవలసినవి చాలావరకు దానిలోనే ఉన్నాయి కనుక.

డైనోఫ్లాజెల్లేట్లు నీటిలో తేలుతూ బతికే ఏకకణ జీవులు. వాటిలో కొన్ని జాతులు ఒక దశలో గట్టి గోడ కట్టుకుని అడుగున బురదలో నిద్రపోతాయి. ఆ గోడే సిస్ట్. కాలం అనుకూలించగానే లోపలి కణం బయటపడి ఈదుకుంటూ పోతుంది, ఖాళీ సిస్ట్ మిగిలి శిలాజమవుతుంది. రాయిని హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌లో కరిగించినా ఆ గోడ కరగదు. ఆ యాసిడ్ గాజునే తినేస్తుంది కాబట్టి ప్లాస్టిక్ బీకర్లు వాడేవాళ్ళం. మమ్మల్ని దూరంగా నిలబెట్టి ఆ పని మాస్టారే చేసేవారు.

స్లైడ్ మీద మొదట కనబడేవి ముళ్ళు. పల్లేరుకాయ గాజుతో చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు ఉంటుందేమో! అందరం ముళ్ళ గురించే మాట్లాడేవాళ్ళం. మాస్టారు మాత్రం, "ముళ్ళు తర్వాత చూద్దువు గానీ, ముందు వీపు వెతకమ్మా" అనేవారు.

వీపు మీద ఒక రంధ్రం ఉంటుంది, దాన్ని ఆర్కియోపైల్ అంటారు. లోపలి కణం బయటికి వచ్చిన దారి అదే. ఒంటి చుట్టూ మొలకట్టు ఉన్నచోట ఒక పట్టీ తిరుగుతుంది. సిస్ట్ గోడ మీద పలకల గుర్తులు వరసలుగా ఉంటాయి. పట్టీకి పైన ఉన్న ఆరు పలకల వరసలో మూడోది ఊడిపోతే ఈ రంధ్రం ఏర్పడుతుంది. అంచులు తిన్నగా, కోసి తీసినంత శుభ్రంగా ఉంటాయి. పొట్టవైపు ఆ పట్టీ రెండు కొసలూ ఒకే ఎత్తులో కలవవు, ఒకటి పైన, ఒకటి కింద ఆగిపోతాయి. సిస్ట్ పారదర్శకం కాబట్టి ఫైన్ ఫోకస్ తిప్పుతూ పోతే ముందు పైముఖం, ఆ తర్వాత దాని గుండా అవతలి ముఖం కనిపిస్తాయి. అవతలి ముఖంలో కుడి ఎడమలు తారుమారవుతాయి. ఇది ఒంటబట్టడానికి చాలా టైమ్ పట్టింది.

ఆ తర్వాతే ముళ్ళ దగ్గరికి రావాలి. పలకల మధ్య సన్నటి గట్లుంటాయి. మూడు గట్లు కలిసే మూలన ఒక ముల్లు లేస్తుంది. దాని కొన మూడుగా చీలి, ఒక్కో చీలిక చివర మళ్ళీ రెండవుతుంది. మూలల్లోనే కాక గట్ల మధ్యలో కూడా ముళ్ళుండి, అడుగున పల్చటి పొర రెక్కలా ఉంటే అది స్పినిఫెరైటిస్ మిరాబిలిస్, వేరే జాతి.

ఈ ముళ్ళే శాస్త్రజ్ఞులను ఎంతోకాలం తికమక పెట్టాయి. 1830ల్లో బెర్లిన్‌లో ఎహ్రెన్‌బర్గ్ చెకుముకిరాళ్ళలో వీటిని చూసి మంచినీటి నాచు జాతి అనుకున్నారు. ఆ తర్వాత కూడా చాలాకాలం ఇవేమిటో తేలలేదు. 1961లో అమెరికాలో విలియం ఎవిట్ ఆ రంధ్రాన్నీ, పలకల గుర్తులనూ పట్టుకుని వీటిలో చాలావరకు డైనోఫ్లాజెల్లేట్ సిస్టులేనని చూపించారు. మాస్టారు వీపు వెతకమన్నది ఊరికే కాదు.

ఇప్పుడు నా బల్ల మీదికి వచ్చేవన్నీ బావి తవ్వకంలో నలిగిన రాతిముక్కలే. ముళ్ళు విరిగి, గోడ మడతపడి ఉంటాయి. వయసు చెప్పే జాతులు వేరే ఉన్నాయి. 5 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట భూమి ఒక్కసారిగా వేడెక్కినప్పుడు విస్తరించిన ఆపెక్టోడినియం లాంటివి దొరికితే ఆ రోజు పండగే. నలిగిన సిస్ట్‌లో వాటిని గుర్తుపట్టేది మాత్రం ఆనాడు రామోసస్ మీద నేర్చుకున్న చూపుతోనే.

పూర్వ విద్యార్థుల సంఘానికి ఒక విన్నపం. మాస్టారి స్లైడ్లు గ్లిజరిన్ జెల్లీలో పెట్టినవి. అంచుల సీల్ వదిలితే జెల్లీ ఎండిపోతుంది. మన నిధితో మైక్రోస్కోపుకు ఒక మంచి కెమెరా కొని, ఒక్కో సిస్ట్‌కి పైఫోకస్, మధ్యఫోకస్, కిందిఫోకస్ మూడు ఫొటోలు తీయించాలి. ఒక్క ఫొటో సరిపోదు. సెలవు పెట్టుకుని వచ్చి ఆ పనిలో కూర్చోవడానికి నేను సిద్ధం.