వంద మీటర్ల గొయ్యి, ఇరవై సెంటీమీటర్ల సుడి

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు బంగాళాఖాతంలో సుడులు (నడుమ నీటిమట్టం కాస్త దిగి లేదా ఉబ్బి, కిలోమీటర్ల మేర గుండ్రంగా తిరిగే నీరు) వెతుకుతానని చెప్పగానే నాన్న ఫోనులో అడిగిన మొదటి మాట: "హైదరాబాదులో సముద్రం ఎక్కడుందమ్మా?"

మాది మచిలీపట్నం వైపు. ఆయన అనుమానం న్యాయమైనదే. కూకట్‌పల్లి గదిలో నాకున్నది పాత ల్యాప్‌టాప్, అందులో జేసన్-3 ఉపగ్రహం 2018 నాటి కొలతలు. 1,336 కిలోమీటర్ల ఎత్తు నుంచి అది నీటి మీదికి రాడార్ తరంగం వదిలేది. అది తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం తెలుస్తుంది. కక్ష్య ఎత్తులోంచి ఆ దూరం తీసేస్తే నీటిమట్టం. ఇంతేకదా అనుకున్నాను.

మొదటి పటం చూసి ఎగిరి గంతేశాను. శ్రీలంకకు దక్షిణాన దాదాపు వంద మీటర్ల గొయ్యి! ఇంత పెద్ద సుడి ఎవరి కంటా పడలేదా? రాత్రి పదకొండింటికి మా మేడమ్‌కు పంపాను. తెల్లారేసరికి జవాబు: "అది నిన్నా ఉంది, రేపూ ఉంటుంది. సుడి అయితే కదలాలి కదా!"

అక్కడ భూమి ఆకర్షణ కాస్త తక్కువ, అందుకే నీరు శాశ్వతంగా పల్లంలోనే ఉంటుందట. మీదుగా ఓడలో వెళ్లినా ఎవరికీ తెలియదు.

ఇక తీసివేతలు మొదలు. మొదట ఎన్నో ఏళ్ల సగటు మట్టం, తర్వాత ఆటుపోట్లు, గాలి ఒత్తిడి. గాలిలోని తేమ తరంగాన్ని ఆలస్యం చేస్తుంది. మన వైపు ఆ ఒక్క పొరపాటే ముప్పై సెంటీమీటర్లు ఉండొచ్చు. నేను వెతికే సుడి లోతేమో ఇరవై! వారం రోజులు తేమతోనే తగువు.

ఇంకో చిక్కు. ఉపగ్రహం అప్పట్లో ఒకే దారికి పది రోజులకోసారి వచ్చేది. భూమధ్యరేఖ దగ్గర దారికీ దారికీ ఎడం సుమారు 315 కిలోమీటర్లు. ఆ సందులో సుడి హాయిగా దాక్కుంటుంది. చివరికి పలు ఉపగ్రహాల కొలతలతో అల్లిన రోజువారీ పటాలు తీసుకున్నాను. 2013లో మన శ్రీహరికోట నుంచే ఎగిరిన సరళ్ ఉపగ్రహం కొలతలూ ఆ అల్లికలో ఉన్నాయని తెలిసి కాస్త గర్వపడ్డాను కూడా.

అప్పుడు దొరికింది, కోస్తాకు ఆవల. నడుమ ఇరవై సెంటీమీటర్లు పల్లం, అంచు వంద కిలోమీటర్ల దూరాన. భూభ్రమణాన్ని కలిపి లెక్కిస్తే నీటి వేగం సెకనుకు అర మీటరు, గడియారానికి ఎదురు దిశలో. అలాంటి సుడి నడుమ అడుగునున్న చల్లని నీరు పైకి వస్తుంది, దానితో చేపలకు మేత పెరుగుతుందని నాన్నకు చెప్పాను.

"అయితే చేపలు నడుమ ఉంటాయా, అంచున ఉంటాయా?"

ఎత్తుల పటంలో అది కనబడదు. ఆ రాత్రే, చేపల మేతకు ఆధారమైన సూక్ష్మ నాచు ఎక్కడుందో చూపే క్లోరోఫిల్ పటాలు దించుకోవడం మొదలుపెట్టాను.