పూజాపెట్టెలోని రాముడి కాసు

మా అమ్మమ్మ పూజాపెట్టెలో పాత వెండి రూపాయికంటే కాస్త పెద్దదైన పసుపుపచ్చని బిళ్ళ ఒకటి ఉండేది. ఒకవైపు సీతారామలక్ష్మణులు, వారి పాదాల చెంత హనుమంతుడు. రెండవవైపు ఆంగ్లంలో ‘ఈస్ట్ ఇండియా కంపెనీ, యూకేఎల్ వన్ అణా, 1818’ అన్న అక్షరాలు. ఆమె దానిని రాముడి కాసు అనేది. ఆమె పోయిన తరువాత ఆ పెట్టె నా దగ్గరకు వచ్చింది. ఆ కాసు లక్షలు పలుకుతుందన్న బంధువుల నమ్మకం కూడా దానితోపాటే వచ్చింది.

ముందుగా అనుమానించవలసింది ఆ సంవత్సరాన్నే. 1818లో బెంగాలు, బొంబాయి, మద్రాసు ప్రెసిడెన్సీల నాణేలు వేరువేరుగా ఉండేవి. కంపెనీ ఏలుబడి అంతటికీ ఒకే తీరు నాణేలను నిర్దేశించిన చట్టం 1835 నాటిది. చలామణి కోసం బ్రిటిష్ ఇండియా ముద్రించిన ఒక అణా నాణెం 1907లో, బ్రిటిష్ రాజు ఏడవ ఎడ్వర్డు బొమ్మతో, రాగి-నికెలు మిశ్రలోహంతో, అలల అంచుతో వచ్చింది. కంపెనీ దేవతామూర్తులను నాణేలపై వేయనే లేదని కొందరు వాదిస్తారు గాని, అదీ సరికాదు: మద్రాసులో అది ముద్రించిన ‘మూడు స్వాముల వరహా’పై వేంకటేశ్వరుడు ఉభయ దేవేరులతో కనబడతాడు. అయితే అది మూడున్నర గ్రాములైనా తూగని బంగారు నాణెం. మా బిళ్ళకు దానితో ఏ పోలికా లేదు.

భూతద్దంలో చూస్తే అక్షరాల అంచులు మొద్దుబారి, వాటి చుట్టూ ఉన్న ఖాళీ నేలభాగమంతా సన్నని గుంటలతో కనిపించింది. అచ్చుపై గట్టిగా కొట్టిన నాణేనికి పదునైన అంచులుంటాయి. మూసలో కరిగించి పోసినదానికి ఈ గుంటలు పడతాయి. తరువాత దానిని సన్నని దారంతో కట్టి, పాత్ర అడుగుకు తగలకుండా నీటిలో వేలాడదీసి తూచాను. గాలిలో 20.4 గ్రాములున్నది నీటిలో 18 గ్రాములే తూగింది. గాలిలోని బరువును తగ్గిన 2.4 గ్రాములతో భాగిస్తే సాంద్రత 8.5, ఇత్తడి లెక్క. పాత రూపాయిలలోని వెండి అయితే 10.3 దాకా రావాలి.

ఇటువంటివి నాణేలు కావు, పూజ కోసమో యాత్రాస్మృతిగానో చేసిన బిళ్ళలు. కంపెనీ పేరు, పాత సంవత్సరం వాటికి గిరాకీ పెంచడానికి చేర్చినవే. మా అమ్మమ్మ దానిని ప్రతి శుక్రవారం చింతపండుతో తోమేది. నిజమైన పాత నాణేన్నో పతకాన్నో అలా తోమితే, సేకరించేవారు కోరుకునే పాతదనపు పొర పోయి విలువ బాగా పడిపోతుంది. ఇక్కడ పోగొట్టుకోవడానికి పెద్దగా ఏమీ లేదు.

దీనికి భిన్నంగా, 1969లో గాంధీ శతజయంతికి వెలువడిన పది రూపాయల నాణేన్ని తీసుకోండి. దాని బరువు 15 గ్రాములు, అందులో 80 శాతం వెండి. కనుక 12 గ్రాముల వెండి ధర ఎప్పుడూ దానికి అండగా ఉంటుంది. తిరుమలలో అమ్మే శ్రీవారి బంగారు, వెండి డాలర్లను కూడా నేను ముందు లోహంగానే లెక్కగడతాను. భక్తికి కట్టే వెల కొనేవారి ఇష్టం. ఐదవ జార్జి పట్టాభిషేక వేడుకగా జరిగిన 1911 ఢిల్లీ దర్బారు వెండి పతకం సంగతి వేరు: దానికి వెండితోపాటు చరిత్ర కూడా వెల తెస్తుంది. దానితో అసలు రిబ్బను, పెట్టె, పొందినవారి కాగితాలు కలిసి వస్తే ధర ఇంకా పెరుగుతుంది.

మా బిళ్ళ ఫోటోను అంతర్జాలంలో పెట్టిన బంధువుకు లక్షలిస్తామంటూ ఫోన్ వచ్చింది. ముందుగా పన్ను, కమీషను కట్టాలన్నారు. తన పేరు వాడుకొని పాత నాణేల బేరాలలో ఇటువంటి రుసుములు అడిగేవారిని నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. ఆ ప్రకటన చూపించాక ఆయన డబ్బు కట్టలేదు. కాసు మళ్ళీ పూజాపెట్టెలోకి చేరింది.