మూడు రెళ్లు ఆరు

కావలిలో రొయ్యల మేత అమ్మే దుకాణంలో లెక్కలు రాస్తాను. అరువు ఖాతాలు ఎక్సెల్‌లో ఇమడక, డేటాబేస్ నేర్చుకుందామని ఆదివారాలు రైలెక్కి నెల్లూరులో ఒక శిక్షణ కేంద్రానికి వెళ్లాను.

టేబుళ్లు కట్టడం, వాటిలోంచి కావలసినవి బయటికి తీసే సెలెక్ట్ రాయడం తేలిగ్గానే వచ్చాయి. ఫోను నంబరును ప్రైమరీ కీగా, అంటే ఏ ఇద్దరికీ ఒకటే ఉండకూడని గుర్తుగా పెడితే, ఒకే ఫోను వాడే తండ్రీకొడుకుల్లో రెండోవాణ్ణి కంప్యూటర్ చేర్చుకోలేదు. రైతుకొక సంఖ్య ఇచ్చి గట్టెక్కాను.

పరువు పోయింది టేబుళ్లను ఒకదానితో ఒకటి కలిపే జాయిన్ దగ్గర. రైతులకు ఒక టేబుల్, అమ్మకాలకు ఒకటి, జమలకు ఒకటి. మూడింటినీ రైతు సంఖ్యతో కలిపి, అమ్మకాల మొత్తంలోంచి జమల మొత్తం తీసేసి, వచ్చిన బాకీలను సరిచూడకుండానే అందరికీ వాట్సాప్‌లో పంపేశాను. మర్నాడు పొద్దున్నే ఒక పెద్దాయన ఫోను పట్టుకుని నవ్వుతూ వచ్చాడు. "ఏమ్మా, నాకు తొంభై వేలు మీరే ఇవ్వాలట కదా, ఇప్పించు మరి." దుకాణం నిండా జనం. మా యజమాని ఒక్క మాట అనలేదు, పాత ఖాతా పుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. తిట్టినా బాగుండేది.

పుస్తకంలో ఆయన మేత తీసుకున్నది మూడుసార్లు: 40,000, 60,000, 50,000. కట్టింది రెండుసార్లు: 80,000, 50,000. బాకీ 20,000. ఇది మైనస్ 90,000 ఎలా అయింది? రెండు రాత్రులు తల బద్దలు కొట్టుకున్నాను. చివరికి మొత్తాలు తీసేసి ఆయన వరుసలు మాత్రమే చూశాను. ఆరు! ప్రతి అమ్మకం పక్కనా ప్రతి జమా వచ్చి నిలబడింది. అమ్మకాలు రెండింతలై 3,00,000, జమలు మూడింతలై 3,90,000 అయ్యాయి. అంతకన్నా ఘోరం, దమ్మిడీ కట్టని వాళ్లు జమల టేబుల్‌లో లేరు కనుక జాబితాలోంచే మాయమయ్యారు. అసలు బాకీదారులకే సందేశం వెళ్లలేదు!

అమ్మకాలను రైతువారీగా విడిగా, జమలను విడిగా కూడి, ఆ రెండు మొత్తాలనూ రైతుల టేబుల్‌కు, అవతల వరుస లేకపోయినా ఏ రైతునూ వదలని లెఫ్ట్ జాయిన్‌తో కలిపాను. జమ లేనిచోట నల్, అంటే విలువ లేని ఖాళీ వస్తే తీసివేత కూడా నల్ అవుతుంది. అందుకని అక్కడ సున్నా పెట్టాను.

శిక్షణ కేంద్రంలో 1970లో ఐబీఎంలో పనిచేస్తున్న కాడ్ అనే ఆయన డేటాను టేబుళ్లుగా చూసే రిలేషనల్ మోడల్‌ను ప్రతిపాదించాడని, ఒకే సమాచారం పదేపదే రాకుండా టేబుళ్లు కట్టే నియమాలైన మూడు నార్మల్ ఫారాల నిర్వచనాలని వల్లె వేయించారు. ఈ ఆరు వరుసల సంగతి అడిగితే "అది ఈ కోర్సులో రాదమ్మా" అన్నారు. ఫీజు వాయిదా ఒక్కరోజు ఆలస్యమైతే మాత్రం మూడు ఫోన్లు చేసేవారు. వాళ్లకు పట్టుబడనిది నేను మూడో ఎక్కంతో పట్టుకున్నానని చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు. మీరు కూడా జాయిన్ రాశాక మొత్తం చూసి మురిసిపోకండి, ముందు ఒక్క రైతు వరుసలు లెక్కపెట్టండి.

పెద్దాయన నిన్న వచ్చి ఇరవై వేలూ కట్టాడు. రసీదు మాత్రం చేత్తో రాసి ఇమ్మన్నాడు.