రెండు రకాల కామాలు, ఒకే సంఖ్య

మా అమ్మాయికి పదకొండేళ్లు. మొన్న దాని లెక్కల నోట్‌బుక్‌లో నేను 12,34,56,54,321 అని రాస్తే, "అమ్మా, కామాలు తప్పు పెట్టావు" అంది. పెన్సిల్‌తో నా కామాలన్నీ కొట్టేసి 12,345,654,321 అని దిద్దింది. అది పన్నెండు బిలియన్లు అని మొదలుపెడుతుంది, నేను వెయ్యిన్ని రెండువందల ముప్పై నాలుగు కోట్లు అని మొదలుపెడతాను. ఇంట్లో తెలుగు నిలబెట్టడానికి ఇన్నేళ్లుగా తంటాలు పడుతున్నదాన్ని కదా, ఆ "తప్పు" అన్న మాట మనసులో గుచ్చుకుంది.

వాదించలేదు. "భాగహారం చెయ్యకుండా ఇది 11తో పోతుందో లేదో చూద్దాం. నీ కామాలతో నువ్వు, నా కామాలతో నేను" అన్నాను.

నా పద్ధతిలో ముందున్న జంటలన్నీ కలిపి, చివరి మూడంకెల సంఖ్యలోంచి తీసెయ్యాలి. 12, 34, 56, 54 కలిపితే 156. 321లోంచి 156 పోతే 165, అంటే పదకొండు పదిహేనులు. 99, 1001 రెండూ 11కి గుణిజాలే కాబట్టి ఈ కిటుకు పనిచేస్తుంది.

దాని పద్ధతిలో కుడివైపు నుంచి ఒక గుంపు కలుపుతూ, తర్వాతి గుంపు తీసేస్తూ పోవాలి. 321లోంచి 654 తీసి, 345 కలిపి, 12 తీసింది. సున్నా! నమ్మకం కుదరక మళ్లీ వేసింది. మళ్లీ సున్నాయే. 1001 అంటే 7×11×13. ఆ ఒక్క సున్నాతో 7, 11, 13 మూడూ ఒకేసారి తేలిపోయాయి. నా కామాలకి అంత చేతకాదు. ఆ మాటే దానితో చెప్పాను. అప్పుడు తనంతట తనే "మరి నీ కామాలతో ఇంకేం కనిపెట్టొచ్చు?" అని దగ్గరికి జరిగింది.

ఆ సంఖ్య 1,11,111కి వర్గం. 1,11,111 = 3×7×11×13×37. వర్గం కాబట్టి ఒక్కో ప్రధాన సంఖ్య రెండేసి సార్లు వస్తుంది, మొత్తం భాజకాలు 243.

9వ శతాబ్దపు గణితవేత్త మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన 'గణితసారసంగ్రహం'లో సరిగ్గా ఈ సంఖ్య ఉంది. ఒకటితో మొదలై ఆరు దాకా పెరిగి, వరసగా తగ్గేదని ఆయన దాన్ని వర్ణించాడు. ఆ గ్రంథాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. అది చెప్పినప్పుడు నా గొంతులో గర్వం దాగలేదు. మా అమ్మాయి అడిగింది ఒక్కటే: "ఆయన కామాలు ఎక్కడ పెట్టాడు?" కామాలే లేవన్నాను.

మర్నాడు ఏడు ఒకట్లకి వర్గం తనే కట్టుకొచ్చింది: 1234567654321. ఈసారి కామాలు పెట్టలేదు. తన పద్ధతిలో చూస్తే 1 మిగిలింది, అంటే 7, 11, 13 ఏవీ పోవు. దాని లోపల ఉన్నవి 239, 4649. వాటిని వెతకడానికి చాలాసేపు పట్టింది. ఆ తర్వాత వేలితో ఒక్కో అంకె కిందా తడుముకుంటూ చదివింది: "లక్షా ఇరవై మూడు వేల నాలుగువందల యాభై ఆరు కోట్ల..."