కడుపుతో ఉండగా వచ్చిన ఫ్లూ

జ్వరం నాలుగు రోజుల్లో తగ్గింది. ఆ తర్వాత చదివిన వార్తలే నన్ను నిద్రపోనివ్వలేదు. ‘గర్భిణికి జ్వరం, బిడ్డకు ఆటిజం’ అని శీర్షిక పెట్టేవాళ్లకు గర్భిణులు కూడా చదువుతారని తట్టదు కాబోలు!

అసలు పరిశోధన అంతకన్నా ఆసక్తికరం. 2007లో అమెరికా నాడీ శాస్త్రవేత్త పాల్ ప్యాటర్సన్ బృందం గర్భంతో ఉన్న చిట్టెలుకలకు వైరస్ ఇవ్వనే లేదు. వైరస్ జన్యుపదార్థాన్ని పోలిన కృత్రిమ ఆర్‌ఎన్‌ఏ మాత్రం ఎక్కించింది. అయినా వాటి పిల్లల ప్రవర్తన మారింది, తోటివాటితో కలవడం తగ్గింది. అంటే పిండం మెదడును తాకింది సూక్ష్మక్రిమి కాదు, తల్లి రోగనిరోధక వ్యవస్థ స్పందనే. అందులో ఇంటర్‌ల్యూకిన్-6 అనే ప్రోటీన్‌ను అడ్డుకుంటే ఆ మార్పులు చాలావరకు రాలేదు.

మనుషుల్లో లెక్క వేరు. ఇన్ఫెక్షన్ సోకిన తల్లుల పిల్లల్లో అత్యధికులు మామూలుగానే ఎదుగుతారు. ముప్పు ఎంతన్నది జన్యువులు, ఇన్ఫెక్షన్ తీవ్రత, సోకిన నెల లాంటి వాటి మీద ఆధారపడి ఉంటుంది. రుబెల్లా, జికా లాంటి వైరస్‌లు మాత్రం నిజంగా భయపడాల్సినవి. అవి నేరుగా పిండాన్నే చేరతాయి. ఫ్లూ టీకా గర్భంతో ఉన్నప్పుడూ వేయించుకోవచ్చు. రుబెల్లా టీకా మాత్రం గర్భం దాల్చడానికి కనీసం నెల ముందే వేయించుకోవాలి.