మావారి దేశంలో నా సంతకం

జపాన్ అబ్బాయిని పెళ్లి చేసుకుని ఇక్కడ స్థిరపడాలనుకుంటున్న తెలుగు అమ్మాయిలు అప్పుడప్పుడు నన్ను సలహా అడుగుతుంటారు. అందరి మొదటి ప్రశ్న వీసా గురించే. కాగితాల పని ఓపికతో చేస్తే పూర్తవుతుంది. ఆ తర్వాత ప్రతి చిన్న పనికీ భర్త నోటి మీద ఆధారపడకుండా బతకడం నేర్చుకోవడమే అసలు కష్టమని వాళ్లకు చెబుతాను. నేను ఉంటున్నది నాగానో రాష్ట్రంలోని మాత్సుమోతో నగరం. టోక్యోలోని నిషికసాయ్‌లో లాగా ఇక్కడ వీధికో భారతీయ కుటుంబం కనిపించదు కాబట్టి, ఈ సంగతి నాకు మరింత త్వరగా తెలిసివచ్చింది.

కాగితాల గురించి క్లుప్తంగా చెబుతాను. పెళ్లి చేసుకోవడానికి చట్టరీత్యా అడ్డంకి ఏదీ లేదని మన దేశం తరఫున ధ్రువపత్రం తెచ్చుకోవాలి. పెళ్లి నమోదయ్యాక జపాన్ పౌరుల భార్యాభర్తలకు ఇచ్చే నివాస హోదా కోసం దరఖాస్తు చేసుకోవాలి. ఆ హోదాను ఆరు నెలలకు గానీ, ఒకటి, మూడు లేదా ఐదేళ్లకు గానీ ఇస్తారు. దానితో ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు. కాపురం పెట్టిన 14 రోజుల్లోపు నగర కార్యాలయానికి వెళ్లి చిరునామా నమోదు చేయించుకోవాలి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది కోసెకి అనే కుటుంబ నమోదు పత్రం. అందులో సభ్యులుగా ఉండేది జపాన్ పౌరులే. అందుచేత మావారి వివరాల్లో, ఆయనకు ఫలానా దేశస్థురాలితో వివాహమైందన్న చోట మాత్రమే నా పేరు కనిపిస్తుంది. చిరునామాకు సంబంధించిన నివాస పత్రంలో మాత్రం ఇద్దరం ఒకే ఇంటి మనుషులుగా ఉన్నాం. 2012 జూలైలో పద్ధతి మారక ముందు ఆ పత్రంలోనూ విదేశీయులకు చోటుండేది కాదు. ఏళ్ల తరబడి ఇక్కడే కాపురం చేసి, పిల్లలను పెంచి, అత్తమామలకు సేవ చేసిన విదేశీ కోడళ్లు తమ ఇంటి పత్రంలోనే లేకుండా గడిపారన్న మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది.

కాగితం మీద చోటు దొరికినంత మాత్రాన మనుషుల మధ్య చోటు దొరకదు. కొత్తలో జ్వరంతో ఆసుపత్రికి వెళ్లినప్పుడు డాక్టరుగారు నా గొంతు పరీక్షిస్తూనే, ఎప్పటి నుంచి నొప్పిగా ఉందని పక్కన కూర్చున్న మావారిని అడిగారు. ఆయన నా వైపు తిరిగి ఇంగ్లిషులో అడగడం, నేను చెప్పినదాన్ని కాస్త కుదించి జపనీస్‌లో చెప్పడం, డాక్టరుగారు ఆయనకే తల ఊపడం జరిగాయి. అందులో ఎవరి తప్పూ లేదు, ముగ్గురమూ మర్యాదగానే ఉన్నాం. కానీ నా ఒంటి నొప్పి గురించి నడిచిన ఆ మాటల్లో నేను లేను. భర్త ఎంత ప్రేమగా అన్నీ చూసుకుంటే భార్య అంతగా వెనక్కి జరిగిపోతుందని నాకు అప్పుడు అర్థమైంది.

ఇలా భర్త మీదే ఆధారపడకూడదని చెప్పడానికి చట్టపరమైన కారణం కూడా ఉంది. మన నివాస హోదా పెళ్లితో ముడిపడి ఉంటుంది. విడాకులైనా, భర్త మరణించినా 14 రోజుల్లో ప్రభుత్వానికి తెలియజేయాలి. సరైన కారణం లేకుండా ఆరు నెలలకు మించి భార్యగా కాపురం లేకపోతే హోదాను రద్దు చేసే అధికారం వాళ్లకుంది. ఈ మాట పెళ్లి సందడిలో ఎవరూ చెప్పరు, అందుకే నేను చెబుతున్నాను. సొంత పేరున బ్యాంకు ఖాతా, సొంత సంపాదన, ఫోనులో మాట్లాడగలిగేంత భాష వీలైనంత త్వరగా సమకూర్చుకోవాలి. పెళ్లయి మూడేళ్లు నిండి, వరుసగా ఏడాదికి పైగా ఇక్కడ ఉన్నవాళ్లు శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చు. అది దొరికితే మన ఉనికి ఒకరి భార్య అన్న హోదా మీద ఆధారపడదు. పౌరసత్వం వేరే విషయం. రెండు దేశాల పౌరసత్వాన్ని మన దేశమూ ఒప్పుకోదు, జపానూ ఒప్పుకోదు కాబట్టి నేను నా భారతీయ పాస్‌పోర్టునే ఉంచుకున్నాను.

భాషను నేను మా పేటలోని సామాజిక భవనంలో, స్వచ్ఛందంగా పాఠాలు చెప్పే పెద్దవాళ్ల దగ్గర నేర్చుకున్నాను. జూలై, డిసెంబరు నెలల్లో జరిగే ప్రావీణ్య పరీక్షలు ఉద్యోగానికి పనికొస్తాయి. మనిషిగా నిలబెట్టినవి మాత్రం పార్సిల్ మళ్లీ తెమ్మని ఫోను చేయడం, డాక్టరుకు నొప్పి ఎలాంటిదో చెప్పడం వంటి పనులే.

ఇంట్లో నాకు చోటిచ్చింది అత్తగారి వంటగది. నేను శాకాహారిని. ఇక్కడ మిసో సూపు మొదలుకొని ఉడికించిన కూరల వరకు చాలా వాటిలో ఎండుచేప తురుముతో కాచిన దాషి అనే రసం పడుతుంది. నేనెందుకు తిననో తెలిశాక అత్తగారు రాత్రే కొంబు అనే సముద్రపు నాచును, ఎండు పుట్టగొడుగులను నీళ్లలో నానబెట్టి, నా కోసం వేరే దాషి కాయడం మొదలుపెట్టారు. ఉడికిన అన్నంలో మొదటి భాగాన్ని చిన్న గిన్నెలో తీసి, మామగారి ఫోటో ఉన్న బుద్ధుడి మందిరం ముందు పెట్టి గంట మోగించడం ఆ ఇంటి ఆచారం. నైవేద్యం పెట్టందే ముద్ద ముట్టని ఇంట్లో పెరిగిన నాకు ఆ పనిని ఎవరూ ప్రత్యేకంగా నేర్పవలసిన అవసరం రాలేదు. మంచు పడడం మొదలయ్యాక మూరెడు పైగా పొడవుండే నోజావానా ఆకును చన్నీళ్లలో కడిగి, ఉప్పు వేసి, పీపాల్లో బరువు కింద ఊరబెడతారు. మన ఆవకాయ రోజుల్లాగే ఆ పని ఒక్కరి వల్ల అయ్యేది కాదు. వేళ్లు కొంకర్లు పోతున్నా ఆకు కడగడం, పొరపొరకూ ఉప్పు చల్లడం నా వంతయ్యాయి. చలి బాగా ముదిరిన రాత్రుల్లో గొట్టాలు గడ్డకట్టి పగలకుండా వాటిలోని నీళ్లు ఖాళీ చేసే బాధ్యత కూడా అత్తగారు నాకే అప్పగించారు.

మా వీధిలో కొన్ని ఇళ్లు కలిసి ఒక బృందంగా ఉంటాయి, పెద్దరికం ఏడాదికో ఇంటికి మారుతుంది. ఈసారి అది మా ఇంటికి వచ్చింది. సమావేశాలకు మావారు వెళ్తారని అందరూ అనుకున్నారు. నేను వెళ్తానని అత్తగారే వాళ్లకు చెప్పారు. చందాలు వసూలు చేసి, చెత్త వేసే చోటును శుభ్రం చేసే వంతుల పట్టిక రాసి, ఇంటింటికీ తిరిగే ప్రకటనల అట్టను సంతకం చేసి పంపుతున్నాను. వచ్చే ఆదివారం కాలువల పూడిక తీసే పని ఉంది. ఎవరింట్లో పారలు ఉన్నాయో కనుక్కోవాలి.