గది వెతికేటప్పుడు గుర్తురాని పర్యావరణం

గత నెల బెంగళూరు నుంచి మా పెదనాన్నగారి అబ్బాయి కుటుంబంతో దర్శనానికి వస్తూ, తిరుపతిలో గది చూసిపెట్టమని నాకు పురమాయించాడు. ఇంట్లో తడి చెత్తను ఎరువు చేసుకునే మనిషి, గుడ్డసంచీ లేనిదే అంగడికి వెళ్లనివాడు. అటువంటి అన్నయ్య ఫోనులో అడిగినవి మాత్రం మూడే: "రైల్వే స్టేషనుకు దగ్గరగా ఉండాలిరా, ఏసీ ఉండాలి, తెల్లవారుజామున మూడింటికి వేడినీళ్లు రావాలి."

ఆయనను తప్పు పట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. మనిషి చేసే పనిని అతని అభిప్రాయం ఒక్కటే నిర్ణయించదనీ, చుట్టూ ఉన్నవారు ఏమి ఆశిస్తున్నారన్నదీ, ఆ పని తన చేతిలో ఎంతవరకు ఉందన్న నమ్మకమూ దానితో కలుస్తాయనీ మనస్తత్వ శాస్త్రవేత్త ఐసెక్ ఐజెన్ 1991లో వివరించాడు. దర్శనం టికెట్టు మీద వేళ ముద్రించి ఉండగా, వెంట ముసలివాళ్లూ పిల్లలూ ఉండగా, యాత్రికుడి చేతిలో మిగిలేది చాలా తక్కువ. నీళ్లు సౌర హీటరులో కాగాయా, కరెంటు గీజరులో కాగాయా అన్నది ఆ వేళకు ఎవరికీ పట్టదు, కాగితే చాలు.

అందుకే పర్యావరణ స్పృహ హోటలును ఎంచుకునేటప్పుడు కంటే గదిలో దిగిన తరువాతే ఎక్కువగా పనిచేస్తుందని నాకు అనిపిస్తుంది. అది కూడా అడిగే తీరును బట్టే. గోల్డ్‌స్టీన్, చల్దీని, గ్రిస్కెవిసియస్ అనే పరిశోధకులు అమెరికాలోని ఒక హోటలులో జరిపి 2008లో ప్రచురించిన ప్రయోగంలో, పర్యావరణాన్ని కాపాడమని కోరిన కార్డు చూసి తువ్వాళ్లను మళ్లీ వాడినవారు సుమారు 35 శాతం. ఇక్కడ దిగినవారిలో ఎక్కువమంది అలాగే చేస్తున్నారని రాసిన కార్డుకు అది సుమారు 44 శాతానికి పెరిగింది. (ఈ తువ్వాళ్ల కార్డుల వెనుక చాకలి ఖర్చు తగ్గించుకునే ఆలోచనే ఉందని మండిపడి, జే వెస్టర్‌వెల్డ్ అనే పర్యావరణవేత్త 1986లో గ్రీన్‌వాషింగ్, అంటే పర్యావరణం మీద ప్రేమ ఉన్నట్టు పైకి నటించడం, అనే మాట పుట్టించాడు. ఆ అనుమానం నాకూ లేకపోలేదు.)

మన దగ్గర ఇందుకు ఇంకా గట్టి ఉదాహరణ కొండ మీదే ఉంది. ప్లాస్టిక్ నీళ్ల సీసాలను నిషేధించిన తిరుమలలో అన్నయ్య గాజు సీసా కొనుక్కున్నాడు, తాగాక దుకాణంలో తిరిగి ఇచ్చి డిపాజిట్ తీసుకున్నాడు, అందరూ చేస్తున్నారు కనుక అది ఆయనకు శ్రమ అనిపించనే లేదు. అదే మనిషి కొండ దిగి లాడ్జికి చేరాక, రెండు రోజుల్లో గది మూలన పదకొండు ఖాళీ ప్లాస్టిక్ సీసాలు పోగుపడ్డాయి.

గది ఖాళీ చేసేటప్పుడు, అంతస్తుకు ఒక మంచినీళ్ల ఫిల్టరు పెట్టించవచ్చు కదా అని మేనేజరును అడిగాను. ఆయన బిల్లు మీది నుంచి తల ఎత్తకుండానే, "ఇంతవరకు ఎవరూ అడగలేదు సార్" అన్నాడు. అన్నయ్య నా వైపు చూసి, సామాను మోయడానికి కుర్రవాడిని పిలిచాడు.